ద్రవం రెండు, నాలుగు వందల యాభై గ్రాములు

పోయినవి ముందే చెప్పేస్తాను. నూనెలో పగిలిపోయిన బొర్రచ్వేలోలు అనే పిండివంటలు డెబ్బై ఎనిమిది. లోపలి ముద్ద కారి మాడిపోవడంతో పారబోసిన నూనె పన్నెండు లీటర్లు. కాగిన నూనెలో జారిపడి పనికిరాకుండా పోయిన థర్మామీటరు ఒకటి. నా ఎడమ మణికట్టు మీద రూపాయి బిళ్ళంత చర్మం. జీతం రాని సెలవు నాలుగు రోజులు. ఇంకొక మనిషికి యాభై ఆరు పని గంటలు. ఇవి కాక నా లెక్క మీద నాకున్న నమ్మకం కూడా కొంత పోయింది. దానికి కొలత లేదు కాబట్టి జాబితాలో వేయలేదు.

ఇవన్నీ పోగొట్టిన పని నాకు అప్పగించింది 2023 నవంబరు పదమూడున, సోమవారం. అప్పుడు నేను కెనడాలో, గ్వెల్ఫ్ అనే ఊళ్లో ఒక మధ్యరకం బేకరీ ప్లాంటులో ప్రాసెస్ టెక్నీషియన్‌ని, రెండో గ్రేడు. ప్యాకింగ్ బల్ల దగ్గర మొదలుపెట్టి అక్కడికి చేరడానికి నాకు పద్నాలుగేళ్లు పట్టింది. నా చదువు ఇంటర్ దగ్గర ఆగింది. శాతాలు, నిష్పత్తులు, తరుగు లెక్కలు అన్నీ బ్రేక్ టైములో కాగితాల వెనక వేసుకుని నేర్చుకున్నవే. నా పనిని ఒక్క ముక్కలో చెప్పాలంటే, చేతికి తెలిసిన వంటను కాగితానికి ఎక్కించడం. ఏ దినుసు ఎన్ని గ్రాములు, ఏ వేడి, ఎన్ని నిమిషాలు అని రాసే ఆ కాగితాన్ని బ్యాచ్ షీట్ అంటారు. ఆ వంటకాన్ని ఎన్నడూ చూడని మనిషి కూడా షీట్ చదివి అదే రుచి, అదే రూపం తేగలగాలి. తేలేకపోతే తప్పు ఆ మనిషిది కాదు, షీట్‌ది.

కార్మెన్ మా ప్లాంటులో ఇరవై ఏడేళ్లు పిండి కలిపి రిటైరైన మనిషి. స్పెయిన్‌లో మాలగా దగ్గర పుట్టింది. రిటైరయ్యాక కూడా ఏటా క్రిస్మస్ ముందు ఇంట్లో బొర్రచ్వేలోలు చేసి ప్లాంటుకు తెచ్చేది. అవి మన కజ్జికాయకు దూరపు చుట్టాలు. ఆలివ్ నూనెలో సోంపు, నిమ్మ తొక్క వేయించి, ఆ నూనెను మైదాలో పోసి, తెల్ల వైన్‌తో, కాస్త నారింజ రసంతో కలుపుతారు. లోపల పెట్టేది కొబ్బరి, బెల్లం కాదు, దాల్చినచెక్క వేసి ఉడికించిన చిలగడదుంప ముద్ద. మడిచి, వేయించి, చక్కెరలో దొర్లిస్తారు. ఆ పేరుకు కార్మెన్ చెప్పిన అర్థం "బుల్లి తాగుబోతులు".

ఆ ఏడు మా మేనేజరు ఒకటి తిని, క్రిస్మస్‌కు నాలుగు వారాలపాటు ఫ్రయ్యర్ లైను మీద వీటిని నడిపితే ఎలా ఉంటుందని అడిగాడు. ప్లాంటులో ట్రయల్స్‌కు వాడే చిన్న ఫ్రయ్యర్ రిపేర్‌లో ఉంది. ఇంట్లోనే చేసి, శుక్రవారం ఇరవై నాలుగు మధ్యాహ్నానికి షీట్ ఇవ్వమన్నాడు. షరతులు మా ప్లాంటులో ఎప్పుడూ ఉన్నవే. వంద ముక్కల ట్రయల్స్ వరసగా మూడు. ఒక్కోదానిలో పగిలినవి మూడుకు మించకూడదు. చేసేది లైను మీద పనిచేసే ఆపరేటరై ఉండాలి. షీట్ రాసినవాళ్లు ఆ గదిలో ఉండకూడదు.

ఆపరేటర్‌గా నేను శ్రీను పేరు ఇచ్చాను. అతని ఊరు కామారెడ్డి దగ్గర. వయసు ముప్ఫై రెండు. ఇండియాలో చక్కెర ఫ్యాక్టరీ ల్యాబులో ఏడేళ్లు పనిచేసి, ఇక్కడ కాలేజీలో ఫుడ్ సేఫ్టీ కోర్సు చేస్తున్నాడు. అవి విద్యార్థులు వచ్చిపడుతున్న రోజులు. ఒక్కో ఇంట్లో ఎనిమిది మంది, ఒక్కో ఉద్యోగానికి షాపు బయట వీధి మలుపు దాకా లైను. వారానికి ఇరవై గంటలే చేయాలన్న పరిమితిని ప్రభుత్వం తాత్కాలికంగా ఎత్తేసింది. చేయడానికి అనుమతి ఉంది, ఇవ్వడానికి ఎవరి దగ్గరా గంటలు లేవు. మా ఫ్రయ్యర్ లైను కూడా నవంబరు చివర ఆగిపోతుంది. ఈ కొత్త సరుకు నడిస్తే శ్రీనుకు వారానికి ముప్ఫై ఆరు గంటలు వస్తాయని నేనే అతనికి చెప్పాను. జనవరిలో అతను చివరి టర్మ్ ఫీజు కట్టాలి. అది కట్టకపోతే అంతకుముందు చదివిన రెండు టర్ములూ వృథా.

పదిహేడో తారీకున శ్రీను అయ్యప్ప మాల వేసుకున్నాడు.

ఆ దీక్షలో ఉన్నవాళ్లను ఎలా చూసుకోవాలో నాకు తెలియక కాదు. ఆ రోజు నుంచి అతను నాకు స్వామి, నేను అతనికి మాత. మా వంటింట్లో వారం పాటు ఉల్లి, వెల్లుల్లి తేలేదు. అతనికి వేరే గ్లాసు పెట్టాను. బయట మంచు పడుతుంటే అతను చెప్పులు గుమ్మం దగ్గరే వదిలి చల్లటి టైల్స్ మీద ఉత్త కాళ్లతో నడిచేవాడు, వేడి కోసం నేను అక్కడ పాత దుప్పటి పరిచాను. ప్లాంటులో అతని గడ్డానికి వల తొడుక్కోవాలని గుర్తుచేసింది కూడా నేనే. ఇన్ని గుర్తుపెట్టుకున్నదాన్ని, అతని చేతికిచ్చిన షీట్‌లో మాత్రం ఒక వరస ఇలా రాశాను: ద్రవం రెండు, నాలుగు వందల యాభై గ్రాములు.

మా ప్లాంటులో రెసిపీ బయటికి పోకుండా దినుసులకు పేర్లు రాయం. ద్రవం ఒకటి అంటే నారింజ రసం. ద్రవం రెండు అంటే వైన్. నాలుగు లీటర్ల అట్టపెట్టె వైన్ కొని, దాని మీద తెల్ల టేపు అంటించి, "ద్ర 2" అని రాసి బల్ల మీద పెట్టాను. రాసిన క్షణం నుంచి నాకది ద్రవమే.

శనివారం కార్మెన్ వచ్చింది. ఆమె చేస్తూ ఉంటే నేను తూకాలు రాసుకునే రోజు అది. పని తేలిగ్గా సాగలేదు.

"మైదా ఎంత?" అన్నాను.

"పిండి ఎంత అడిగితే అంత."

"నన్నేమీ అడగడం లేదు కార్మెన్."

"నువ్వు వినడం లేదు బిమలా. ఎప్పుడూ తూకం వంకే చూస్తావు." నా పేరు విమల. ఆమె నోట అది ఎప్పుడూ బిమలే.

ఆమె గిన్నెలో చేయి పెట్టబోయే ప్రతిసారీ నేను ఆ చేతి కిందికి తూకపు పళ్లెం తోశాను. "పోలీసులు కూడా ఇంత సోదా చేయరు" అంది. మధ్యాహ్నానికి లెక్క తేలింది. మైదా పద్దెనిమిది వందలు, ఆలివ్ నూనె నాలుగు వందలు, ద్రవం ఒకటి నూట యాభై, ద్రవం రెండు నాలుగు వందల యాభై, సోంపు, నువ్వులు, చక్కెర కలిపి రెండు వందలు. మొత్తం మూడు వేల గ్రాములు. ఒక్కోదానికి ముప్ఫై గ్రాముల పిండి, పదిహేను గ్రాముల ముద్ద. నూనె నూట ఎనభై డిగ్రీలు. వందలో పగిలినవి రెండు. షీట్ సిద్ధమైందనుకున్నాను.

ఆదివారం శ్రీను వచ్చాడు. షీట్ అతని చేతికిచ్చి, నేనూ కార్మెన్ ముందుగదిలో కూర్చున్నాం. రూలు ప్రకారం తలుపు వేసేశాం. ముప్పావుగంటకు లోపలి నుంచి మొదటి పేలుడు వినిపించింది. పెద్ద శబ్దమేమీ కాదు, నీళ్ల చుక్క నూనెలో పడ్డట్టు. తర్వాత ఇంకొకటి. కార్మెన్ వేళ్లు మడుస్తూ లెక్కపెట్టి, పదితో ఆపేసింది.

"మాతా, ఇరవై మూడు పోయినయి" అని శ్రీను తలుపు తీశాడు.

పగలని వాటిలో ఒకటి కార్మెన్ కొరికింది. చాలాసేపు నమిలింది. "ఇవి మరీ బుద్ధిమంతుల్లా ఉన్నాయి" అంది.

"అంటే ఏంటి?"

"అంటే అదే. సరదా లేదు వీటిలో."

నేను దాన్ని రాసుకోలేదు. అభిప్రాయాలకు నా షీట్‌లో వరస లేదు. నాకు కనిపించింది రంగు. శనివారం మూడు నిమిషాలకు వచ్చిన రంగు ఈసారి రెండు నిమిషాలకే వచ్చింది. కాబట్టి నూనె వేడి ఎక్కువై ఉండాలని లెక్కగట్టాను. దినుసుల వైపు అనుమానమే రాలేదు, ఎందుకంటే వత్తే ముందు అతను తలుపు దగ్గరికి తెచ్చిన పిండి ముద్దను నేనే తూచాను. సరిగ్గా మూడు వేల గ్రాములు ఉంది.

సోమవారం నూట డెబ్బై డిగ్రీలతో రెండో ట్రయల్. పగిలినవి ఇరవై ఎనిమిది. వేడి తగ్గితే నూనెలో ఉండే సమయం పెరుగుతుంది, లోపలి ముద్దలో ఆవిరి పెరుగుతుంది, అతుకు తెరుచుకుంటుంది. నా సవరణే నష్టాన్ని పెంచింది. ట్రయల్ అయ్యాక ఆ కంగారులో నూనె వంపుతుంటే థర్మామీటరు జారిపడింది, మణికట్టు కాలింది.

"మాతా, చల్లనీళ్ల కింద పెట్టుండ్రి" అంటూ శ్రీను కుళాయి తిప్పాడు. "ఇడిసిపెడ్దామా? నాకోసమని మీకెందుకింత తిప్పలు?"

"విడిచిపెట్టేది లేదు స్వామీ. రేపు పది గంటలకు రా."

మంగళవారం లోపలి ముద్దను పదిహేను గ్రాముల నుంచి పన్నెండుకు తగ్గించాను. అది నా చేతికి ఎదురు తిరిగే పని. మా ఇంట్లో ఊపితే లోపల గలగలమనే కజ్జికాయ పెట్టినవాళ్లను పిసినారులంటారు. కార్మెన్ కూడా "దీన్ని పక్కింటివాళ్లకు పంపడానికి సిగ్గుపడాలి" అంది. పగిలినవి పంతొమ్మిది. తగ్గాయి గాని, మూడెక్కడ, పంతొమ్మిదెక్కడ?

ఇక మిగిలినవి మూడు రోజులు కూడా కావు. ఏం మార్చాలో తోచలేదు. తోచనప్పుడు నేను చేసే పని ఒకటే, స్టాకు తూచడం. మైదా సంచీ నుంచి మొదలుపెట్టాను. మైదా సరిపోయింది. ఆలివ్ నూనె సరిపోయింది. నువ్వులు సరిపోయాయి. తర్వాత టేపు అంటించిన అట్టపెట్టె తూకం మీద పెట్టాను. కొన్న రోజు దాని బరువు నాలుగు వేల రెండు వందల యాభై. కార్మెన్ ఒకసారి, శ్రీను మూడుసార్లు వాడాక రెండు వేల నాలుగు వందల యాభై ఉండాలి. తూకం మూడు వేల ఎనిమిది వందలు చూపించింది. తేడా పదమూడు వందల యాభై. అంటే నాలుగు వందల యాభైకి సరిగ్గా మూడు రెట్లు.

అట్టపెట్టె లోపల ఎంత ఉందో బయటికి కనిపించదు. కనిపించే గాజు సీసా అయితే మొదటి రోజే తెలిసేది.

శ్రీను గిన్నెలు తుడుస్తున్నాడు. నల్ల పంచె, మెడలో మాల, నుదుట గంధం. పెట్టె మీద నేను అంటించిన టేపు కింద ద్రాక్ష గుత్తుల బొమ్మ సగం కనిపిస్తోంది. అప్పుడు గాని నాకు నేనేం చేశానో అర్థం కాలేదు.

"స్వామీ, ద్రవం రెండు ఎక్కడిది పోశావు?"

అతను గుడ్డ కింద పెట్టాడు. "తప్పైంది మాతా. నారింజ రసం పోసిన. నా సొంతంగ కొనుక్కొచ్చిన డబ్బా."

"మూడుసార్లూనా?"

"మూడుసార్లు. కని తూకం తప్పలే. నాలుగు వందల యాభై అంటే నాలుగు వందల యాభయ్యే. ఒక్క గ్రాము గూడ ఎక్కువ తక్కువ లేదు."

"ముట్టకూడదని ఒక్క మాట చెప్పొచ్చు కదా!"

"ఎట్ల జెప్పాలె మాతా? మీరు నా గంటల కోసమని సెలవు పెట్టి కూసున్నరు. నేను గా వైన్ ముట్టనంటే, సరే ఇంకొకరిని చూస్కుంటమంటరేమో అనుకున్న. రసం ఎట్లాగూ అండ్ల పడేదే, ఇంకొంచెం ఎక్కువ పడుతదంతేగదా అనుకున్న. పగులుతయని నాకేం ఎరుక?"

మేం మాట్లాడుకున్నది కార్మెన్‌కు ఇంగ్లీషులో చెప్పాను. ఆమె కుర్చీలో కూలబడి కడుపు పట్టుకుని నవ్వింది. "నేను చెప్పలేదా? బుద్ధిమంతులని చెప్పలేదా? తూకం పెట్టావు, గడియారం పెట్టావు, నోటితో రుచి చూసినదాన్ని నా మాట వినలేదు!" శ్రీను వైపు తిరిగి, "నువ్వు మీ దేవుడికి ఇచ్చిన మాట నిలబెట్టావు. ఈమె మీద కోపం తెచ్చుకో, నాకేం ఫర్వాలేదు" అంది.

"కోపమేంది మాతా" అన్నాడు శ్రీను. ఆమెను కూడా మొదటి రోజు నుంచి మాత అనే పిలిచేవాడు.

కారణం తర్వాత తెలుసుకున్నాను. నీళ్లలాంటి ద్రవం మైదాలో సాగుడు పెంచుతుంది. సాగే పిండి వత్తాక వెనక్కి లాక్కుంటుంది, అతుకు తెరుచుకుంటుంది. వైన్‌లోని ఆల్కహాల్ ఆ సాగుడును కొంత అడ్డుకుంటుంది, వేడికి ముందుగా ఆవిరై పోతుంది. రసంలోని చక్కెర వల్ల రంగు తొందరగా వచ్చింది. రంగును చూసి నూనెను నిందించాను.

అప్పటికి నా ముందున్న సమస్య మారిపోయింది. వైన్‌తో షీట్ గెలిస్తే ఆ పని శ్రీను చేయలేడు, మాల డిసెంబరు చివరిదాకా ఉంటుంది. రసంతో అయితే అతను చేయగలడు, షీట్ గెలవదు. అతని కోసం మొదలుపెట్టిన పని అతన్నే బయట నిలబెట్టింది. రసం షీట్‌ను ఎలాగో సర్ది పంపుదామన్న ఆలోచన ఒక్క క్షణం రాకపోలేదు. కాని వంద ముక్కల ట్రయల్‌లో దాచినది రోజుకు మూడు వేల ముక్కల లైను మీద దాగదు.

బుధవారం ప్యాకింగ్ నుంచి హర్‌జీత్ అనే ఆపరేటర్‌ని పిలిచాను. పెట్టె మీద టేపు పీకేసి, షీట్‌లో "తెల్ల వైన్" అని రాసి, ముట్టడానికి అభ్యంతరం ఉందా అని ముందే అడిగాను. "తాగమనడం లేదు కదా ఆంటీ, ఇలా ఇవ్వండి" అంది. బుధవారం మూడు పగిలాయి. గురువారం ఉదయం ఒకటి, సాయంత్రం రెండు. వరసగా మూడు ట్రయల్స్ పూర్తయ్యాయి.

శ్రీనుతో కూర్చుని పనిని ముక్కలు చేశాను. కలపడం, వత్తడం, వేయించడం, చక్కెరలో దొర్లించడం అతను చేయలేడు. డబ్బాలకు సీలు వేశాక తూకం సరిచూడటం, లేబుల్, పెట్టెల్లో సర్దడం మిగిలాయి. సీలు వేసిన డబ్బా ముట్టవచ్చా అని అతను ఓక్‌విల్‌లో ఉన్న తన గురుస్వామికి ఫోన్ చేశాడు. గురుస్వామి సీలు చెక్కుచెదరనంత వరకు ఫర్వాలేదన్నాడట.

శుక్రవారం పదకొండుకు మేనేజరు షీట్ చదివాడు. పగిలిన ట్రయల్స్ కూడా జత చేశాను, కారణంతో సహా. వేయించే పని చేయలేని మనిషికి ఫ్రయ్యర్ లైను గంటలు ఎలా ఇస్తానని అడిగాడు. సీలు దగ్గర ఎలాగూ ఒక మనిషి కావాలని, తప్పు తూకాన్ని శ్రీనుకంటే బాగా పట్టేవాడు ప్లాంటులో లేడని, మూడుసార్లు ఒక్క గ్రాము తేడా లేకుండా తప్పు దినుసు పోశాడని చెప్పాను. అతను నవ్వాడు. ఇరవై రెండు గంటలు ఇస్తానన్నాడు. ముప్ఫై ఆరు అడిగాను. ఇరవై రెండే. వారానికి పద్నాలుగు చొప్పున నాలుగు వారాలకు యాభై ఆరు గంటలు శ్రీను నష్టపోయాడు. ఆ గంటల కోసం అతను ఆదివారాలు ఒక గోడౌన్‌లో అట్టపెట్టెలు మోసి, జనవరిలో ఫీజు కట్టాడు.

నేను రిటైరై కొంతకాలమైంది. ఈ ఉదంతం నాకు రెండు సంగతులు నేర్పింది. బ్యాచ్ షీట్‌లో "వేయవలసినది" అన్న వరస పక్కన "వేసినది" అన్న వరస, దాని పక్కన వేసినవారి సంతకం ఉండాలి. అప్పటి నుంచి నేను రాసిన ప్రతి షీట్‌లోనూ అవి ఉన్నాయి. రెండోది, పని ఇచ్చేవాళ్లు దినుసు పేరు చెప్పి, చేయగలవా అని ముందే అడగాలి. కాదన్నా గంటలు పోవని కూడా అప్పుడే చెప్పాలి. అది చెప్పకుండా అడిగితే అడగనట్టే.

మాల తీసిన మర్నాడు శ్రీను మా ఇంటికి వచ్చి, వైన్ లేకుండా పగలనివి చేయడం సాధ్యమేనా అని అడిగాడు. సాధ్యమేనన్నాను, చేసి చూపిస్తానని మాటిచ్చాను. ఇప్పుడతను బర్నబీలో ఒక ఆహార పరీక్షల ల్యాబులో ఉన్నాడు. ప్రతి నవంబరులో మాల వేసుకుని ఫోన్ చేస్తాడు. "ఎంతకొచ్చింది మాతా?" అనే అడుగుతాడు. నిమ్మరసం, మజ్జిగ, వెనిగర్, కాచిన నెయ్యి, పిండిని రాత్రంతా నానబెట్టడం అన్నీ అయ్యాయి. ఇప్పటికి ముప్ఫై ఒక్క ట్రయల్స్ చేశాను. అన్నిటికంటే మంచి ఫలితం మొన్న మంగళవారానిది, వందకు ఏడు పగిలాయి. ఒప్పుకోదగినవి మూడు. ఇంకా నాలుగు బాకీ.